మూడో రోజుకే వెళ్ళాలి

దేవరకొండ వైపు చాలా ఏళ్ళు హాస్టల్ వార్డెన్‌గా పనిచేశాను. పిల్లలు దారి తప్పడం గురించి అక్కడ నేర్చుకున్నవి ఇవి.

1. ముందు అడగండి. ఒకసారి హాస్టల్లో సబ్బులు పోతున్నాయని గోల. ఏడో తరగతి పిల్లవాడి రేకు పెట్టె తెరిపిస్తే, అడుగున పాత చొక్కాలో చుట్టిన ఏడు సబ్బు ముక్కలు. రెండు దెబ్బలు వేశాకే ఎందుకని అడిగాను. "మా చెల్లెకు సారూ, అవ్వ దగ్గర పైసల్లేవు" అన్నాడు.

2. ఇంట్లో పెద్దదిక్కు ఉందా చూడండి. వాడి అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని దసరా కాగానే పుణె పోయారు. మన మెట్ట ఊళ్ళలో ఇది తరాల కథ. ప్రాజెక్టుల మట్టి మోసిన పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. వాళ్ళ పిల్లల్ని రాత్రి తిన్నావా అని అడిగేవారే లేరు. ఆ మాట ముందుగా అడిగినవాడి వెంటే పిల్లవాడు పోతాడు, వాడు ఎలాంటివాడైనా సరే.

3. మొక్కై వంగనిది మానై వంగునా అంటూ బెత్తం పట్టకండి. నీళ్ళు లేక ఎండిన మొక్కను వంచితే విరుగుతుంది. పైగా దెబ్బ నేర్పేది దెబ్బనే. గుడుంబా తాగొచ్చి తల్లిని కొట్టే తండ్రిని చూసి పెరిగిన కొడుకు, కోపమొస్తే చెయ్యెత్తాలనే నేర్చుకుంటాడు.

4. ముద్ర వేయకండి. ఆంగ్లేయుల నేరస్థ తెగల చట్టం ఎరుకల వంటి తెగలను పుట్టుకతోనే నేరస్థులంది. 1952లో అది రద్దయింది. అయినా ఊళ్ళో మోటారు పోతే వాళ్ళ గుడిసెల వైపే చూసేవాళ్ళను నేనెరుగుదును. మా పిల్లవాడికీ 'సబ్బుల దొంగ' అని పేరు పడింది. పెట్టింది పిల్లలు, ఆపనిది నేను.

5. నేరమంటే పేదల ఇళ్ళే అనుకోకండి. 2018 సెప్టెంబరు 14న మిర్యాలగూడలో, తమ అమ్మాయిని పెళ్ళాడిన దళిత యువకుణ్ణి ఒక కుటుంబంవాళ్ళు కిరాయి మనుషులతో చంపించారు. ఆ ఇంట్లో డబ్బుకు లోటు లేదు. కులం పరువు ప్రాణం కంటే పెద్దదన్న పెంపకమే కత్తి పట్టించింది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. పోయిన ప్రాణం మాత్రం తిరిగిరాదు.

6. ఆలస్యం చేయకండి. పద్దెనిమిది నిండనివాళ్ళను జైల్లో పెట్టకూడదని 2015 బాల న్యాయ చట్టం చెబుతుంది, వాళ్ళు మారగలరన్న నమ్మకంతోనే. ఆ నమ్మకం ముందు మనకుండాలి. సంక్రాంతికి ఇంటికెళ్ళిన ఆ పిల్లవాడు తిరిగి రాలేదు. నెల తర్వాత వెళ్ళాను. ఇంటికి తాళం. అప్పటి నుంచి హాస్టల్‌కు రాని పిల్లల ఇంటికి మూడో రోజే వెళ్ళేవాణ్ణి. చాలామంది నా వెంట వచ్చారు.