సారంగధర నాటకమున అనురాగములు

మంచిర్యాల చెంత ప్రవహించు గోదావరిని మీలో అనేకులు చూచియుందురు. ఆ నదియే ప్రాణహితను, ఇంద్రావతిని, శబరిని కలుపుకొని రాజమహేంద్రవరమును చేరుచున్నది. ఆ నగరమున సారంగధర మెట్ట యను గుట్ట కలదు. రాజరాజనరేంద్రుడు తన కుమారుడగు సారంగధరుని కాలుసేతులు నరికించిన చోటు అదియేయని జనులు చెప్పుకొందురు. చరిత్రకారులు దీని నంగీకరింపరు. నన్నయభట్టుచే భారతమును తెనిగింపజేసిన ఆ రాజు 11వ శతాబ్దివాడు. అతని కుమారుడు రాజేంద్రుడు కులోత్తుంగ చోళుడను పేర ప్రసిద్ధుడయ్యెను. సారంగధరునకు చరిత్రలో ఆధారము లేదు.

అయినను కథ నశింపలేదు. గౌరన తన నవనాథచరిత్రమున దీనిని చెప్పెను. చేమకూర వేంకటకవి కావ్యముగా రచించెను. మన ఉత్తర తెలంగాణమున చిందు భాగవతులు ఊరూర నాడిరి. బళ్లారిలో న్యాయవాదియై, సరస వినోదినీ సభను నడపిన ధర్మవరము రామకృష్ణమాచార్యులు (1853-1912) దీనిని ‘విషాద సారంగధర’ నాటకముగా వ్రాసిరి. తెలుగున తొలి విషాదాంత నాటకముగా దానికి పేరు కలదు.

కథ యంతయు ఒక పావురముతో మొదలగును. రాజు వేటకేగినవేళ సారంగధరుడు పావురముల నెగురవేయుచుండగా, అతని ముద్దుపావురము పోయి సవతితల్లి చిత్రాంగి మేడపై వ్రాలెను. మంత్రికుమారుడగు సుబుద్ధి లోనికి పోవలదని వారించెను. మిత్రుని మేలుకోరి అప్రియమైనను చెప్పుట స్నేహధర్మము. సుబుద్ధి దానిని నెరవేర్చెను. పావురములను పెంచిన వారికి మాత్రము రాకుమారుడు ఆగకపోవుట వింతగా తోచదు. పెంచిన ప్రాణిపై మమకారము అట్టిది. అతడు లోనికేగెను.

చిత్రాంగి అతనిని మోహించెను. సారంగధరుడు ఆమెను తల్లిగానే భావించి, తల్లీ యని సంబోధించి, మరలి వచ్చెను. ఆమె అవమానముచేతను భయముచేతను నేరమును అతనిపైనే మోపెను.

చిత్రాంగిని కేవలము దుష్టురాలనుట తేలిక. కాని ఆమె యౌవనవతి. భర్త వయసు మీరినవాడు. కుమారునకై చూచిన కన్యను తండ్రియే వివాహమాడినట్లు కొన్ని కథనములలో కలదు. అదియే నిజమైనచో ఆమెకు జరిగిన అన్యాయము సామాన్యము కాదు. ఆ దుఃఖమునకు మనము జాలిపడవలసినదే. అయినను ఆమె హృదయమున నున్నది ప్రేమయేనా? తాను కోరినవాడు తనకు దక్కనంతనే అతని కాలుసేతులు తెగుటకు ఆమె వెనుదీయలేదు. ఆ క్షణముననే అది ప్రేమ కాదని తేలిపోవుచున్నది.

నా దృష్టిలో అంతకంటె గొప్ప అపరాధి రాజు. అతనికి పుత్రునిపై వాత్సల్యము లేకపోలేదు. ఐనను చిన్నభార్యపై వ్యామోహము, ఆమె తనను ప్రేమించుట లేదేమో యను అనుమానము అతనిని లోలోన దహించుచున్నవి. అట్టివానికి ఆమె మాట వినగనే అనుమానమునకు రూపము దొరకెను. పుట్టినది మొదలు తానెరిగిన కుమారుని పిలిచి, శాంతముగా నొక ప్రశ్న యడిగి విచారించుటకు ఒక పూటయైన చాలును. ఆ పూట అతడు ఇయ్యలేదు. సింహాసన మెక్కినవాడు పొరపడినచో అది ఇంటిలోని కలహముగా నిలువదు. వధ్యస్థానము వరకు పోవును.

రత్నాంగి ప్రేమ వీనికి వేరు. ఆమె సాక్ష్యములు కోరదు. తన బిడ్డ ఇట్టి పని చేయడని ఆమెకు తెలియును. పట్టపురాణియైనను ఆమె మాట చెల్లదు. అందరిలో సత్యమెరిగినది ఆమెయే. ఏమియు చేయజాలనిదియు ఆమెయే.

పాత కథలో సిద్ధుడొకడు వచ్చి, తెగిన అవయవములను మరల మొలిపించును. ప్రేక్షకులు ఊరటతో ఇండ్లకు పోవుదురు. నాటకము మంగళాంతముగా నుండవలెనను సంప్రదాయము మనకు చిరకాలముగా గలదు. ఆచార్యులుగారు దానిని త్రోసిపుచ్చి కథను విషాదాంతము గావించిరి. సిద్ధుడు వచ్చినచో తండ్రి తప్పు కొంత కడుగబడును. అతడు రానిచో, సత్యము తెలిసిన పిదప రాజు హృదయమున పుత్రవాత్సల్యము మరల పొంగును. దానిని అందుకొనుటకు కుమారుడు లేడు.