దారి చూసేవారు – దారి ఇచ్చేవారు

ప్రవేశిక: ఆపదలో ఉన్నవారిని ఆదుకోవడానికి పోలీసు వాహనాలు వేగంగా వెళ్లవలసి వస్తుంది. ఆ వాహనం నడపడానికి ఎలాంటి నేర్పు కావాలో, దానికి దారి ఇచ్చే ఇతర చోదకులకు ఎలాంటి నేర్పు కావాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

నాలుగు రోడ్లు కలిసే కూడలి. ఎర్రదీపం వెలిగింది. బండ్లన్నీ బారులు తీరి నిలిచాయి. అంతలో వెనుకనుంచి సైరన్ మోత వినిపించింది. నీలిదీపం మెరుస్తూ పోలీసు కారు వస్తోంది. ఎక్కడో ఎవరో ప్రాణాపాయంలో ఉండి ఫోను చేశారు. వారికి ప్రతి నిమిషమూ ఒక యుగంలా ఉంది.

ఆ మోత వినగానే ఒక చోదకుడు కంగారుపడి ఎర్రదీపం దాటి ముందుకు దూకాడు. మరొకడు ఉన్నట్టుండి రోడ్డుకు అడ్డంగా బండి తిప్పాడు. ఇంకొకడు అద్దంలోకి చూడనే లేదు. పోలీసు కారు నడిపే వ్యక్తికి వేగం ఒక్కటే తెలిస్తే చాలదు. ఈ ముగ్గురూ మరుక్షణంలో ఏం చేయబోతారో ముందుగానే పసిగట్టగలగాలి. ఇది పుట్టుకతో వచ్చే విద్య కాదు, సాధనతో అలవడేది. దీనిని ఒక పద్ధతి ప్రకారం నేర్పించి పేరు పొందిన దేశం బ్రిటన్.

హెండన్ శిక్షణాలయం

బ్రిటన్‌లో 1930 నాటి చట్టం కార్లకు అంతవరకు ఉన్న గంటకు 20 మైళ్ల వేగపరిమితిని తొలగించింది. 1934లో ఆ దేశపు రోడ్లమీద 7,343 మంది మరణించారు. 1935లో జనావాసాలున్న చోట్ల గంటకు 30 మైళ్ల, అంటే సుమారు 48 కిలోమీటర్ల పరిమితిని ప్రభుత్వం విధించింది. నియమాలను అమలు జరపవలసిన పోలీసుల కార్లు కూడా ఆ రోజుల్లో తరచుగా ప్రమాదాలకు లోనయ్యేవి. 1931 నుంచి 1935 వరకు లండన్ పోలీసు కమిషనరుగా ఉన్న ట్రెంచర్డ్ ప్రభువు ఈ విషయంపై దృష్టి సారించాడు. లండన్ నగరానికి వాయవ్యాన ఉన్న హెండన్‌లో పోలీసు చోదకులకు శిక్షణాలయం ఏర్పడింది.

కొంతకాలానికి కాటన్‌హామ్ ప్రభువు అక్కడ సలహాదారుగా చేరాడు. ఆయన పందెపు కార్లు నడిపినవాడు. అలాంటివాడు ఇంకా వేగంగా పోవడం ఎలాగో నేర్పుతాడని ఎవరైనా అనుకుంటారు. కాని ఆయన నేర్పింది ఒక క్రమం. ముందు చూడాలి, తరువాత ఆలోచించాలి, ఆ తరువాతే చేతికీ కాలికీ పని చెప్పాలి. ఈ బోధనల ఆధారంగా ‘రోడ్‌క్రాఫ్ట్’ అనే పుస్తకం 1955లో వెలువడింది. అనేక సవరణలతో అది నేటికీ బ్రిటిష్ పోలీసు చోదకులకు పాఠ్యగ్రంథంగా ఉంది.

ఐదు అంచెలు

ఈ పద్ధతిలో ఐదు అంచెలున్నాయి. మొదటిది సమాచారం. ముందూ వెనుకా పక్కలా ఏమున్నదో కళ్లతో, చెవులతో గ్రహించాలి. తాను ఏం చేయబోతున్నాడో ఇతరులకు తెలియజేయాలి. రెండవది స్థానం. రోడ్డుమీద తన బండి ఎక్కడ ఉంటే బాగా కనిపిస్తుందో, ఎక్కడ ఉంటే క్షేమమో నిర్ణయించుకోవాలి. మూడవది వేగం, మలుపుకో కూడలికో చేరకముందే దానిని తగినంతగా సరిచేసుకోవాలి. నాలుగవది ఆ వేగానికి తగిన గేరు. ఐదవది త్వరణం, అపాయం లేదని రూఢి అయిన తరువాతే మళ్లీ వేగం అందుకోవాలి. వీటిలో మొదటి అంచె మాత్రం ఎక్కడా ముగియదు. మిగిలిన నాలుగింటిలోనూ సమాచార సేకరణ సాగుతూనే ఉండాలి.

శిక్షణలో మరొక చక్కని పద్ధతి ఉంది. నేర్చుకునేవాడు బండి నడుపుతూ తాను చూస్తున్నదీ, ఊహిస్తున్నదీ పైకి చెబుతూ ఉండాలి. “ఎడమపక్క బస్సు ఆగి ఉంది. దాని ముందునుంచి ఎవరైనా రోడ్డు దాటవచ్చు. వేగం తగ్గిస్తున్నాను.” ఇలా మాట్లాడుతుంటే అతడి కన్ను ఎక్కడ తిరుగుతోందో, మనసు ఎక్కడ ఉన్నదో పక్కన కూర్చున్న గురువుకు తెలిసిపోతుంది. గేటులోనుంచి బంతి దొర్లివస్తే, దాని వెనుక బిడ్డ పరుగెత్తి రావచ్చునని గ్రహించడమే ఈ విద్యకు సారం.

సైరన్‌కు లొంగని లెక్క

బ్రిటిష్ రోడ్డు నియమావళి ప్రకారం గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోయే కారు, అపాయాన్ని గుర్తించి బ్రేకు వేసేలోగానే 9 మీటర్లు సాగిపోతుంది. బ్రేకు వేశాక 14 మీటర్లు పోయి ఆగుతుంది. మొత్తం 23 మీటర్లు. వేగం రెట్టింపై 96 కిలోమీటర్లయితే మొదటి దూరం 18 మీటర్లు, రెండవది 55 మీటర్లు; మొత్తం 73 మీటర్లు. వేగం రెండింతలైతే బ్రేకు దూరం దాదాపు నాలుగింతలవుతుందన్నమాట. రోడ్డు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ. సైరన్ మోగినంతమాత్రాన బ్రేకు బలం పెరగదు. అందుకే కంటికి ఎంత మేర దారి ఖాళీగా కనిపిస్తున్నదో ఆ మేరలోపల ఆగగలిగినంత వేగంతోనే పోవాలని శిక్షకులు నేర్పుతారు.

బ్రిటన్‌లో విధినిర్వహణలో ఉన్న పోలీసు వాహనానికి అవసరమైతే వేగపరిమితిని దాటే వెసులుబాటు ఉంది. ఎర్రదీపం దగ్గర ఇతరులకు దారి ఇస్తూ, ఎవరికీ అపాయం కలగకుండా దాటిపోవచ్చు. అయితే అజాగ్రత్తగా నడిపితే శిక్ష తప్పదు. తగిన శిక్షణ పొందిన, జాగరూకుడైన పోలీసు అదే పరిస్థితిలో ఎలా నడిపేవాడో దానితో పోల్చి తప్పొప్పులు నిర్ణయించాలని 2022 నాటి చట్టం చెబుతోంది. ఒకరిని రక్షించడానికి పోతూ దారిలో మరొకరి ప్రాణం తీస్తే, ఆ వేగం వల్ల ఒరిగేదేమిటి?

దారి ఇవ్వడమూ ఒక విద్యే

ఎదుటివారి ప్రవర్తన సరిగా లేకపోతే పోలీసు చోదకుడి నేర్పు సగమే ఫలిస్తుంది. ఎత్తయిన భవనాల మధ్య సైరన్ మోత ప్రతిధ్వనించి ఏ దిక్కునుంచి వస్తున్నదో తెలియదు. అద్దాలు బిగించి పాటలు వింటున్నవారికి అది ఆలస్యంగా వినిపిస్తుంది. వినిపించగానే కొందరు భయంతో బ్రేకు తొక్కేస్తారు. అది తప్పు. ముందు అద్దంలో చూసి వాహనం ఎటునుంచి వస్తున్నదో తెలుసుకోవాలి. సంకేతం ఇచ్చి మెల్లగా పక్కకు తొలగాలి. మలుపులోనో, మిట్టమీదనో, ఇరుకు వంతెనమీదనో ఆగిపోకూడదు. దారి ఇవ్వాలన్న మంచి ఉద్దేశంతోనైనా సరే, సామాన్య చోదకుడు ఎర్రదీపం దాటకూడదు. ఒక వాహనం పోగానే బయలుదేరకుండా, దాని వెనుక మరొకటి ఉందేమో చూడాలి. ఖాళీ అయిన దారి దొరికింది కదా అని దాని వెంటపడడం అన్నిటికంటె హీనం. నడిచిపోయేవారు అది దాటేవరకు రోడ్డువారనే నిలవాలి.

మన దేశంలోనూ బ్రిటన్‌లో వలె ఎడమవైపునే ప్రయాణం సాగుతుంది. 2017 నాటి మోటారు వాహనాల చోదక నిబంధనలు అగ్నిమాపక శకటానికి, అంబులెన్సుకు, పోలీసు వాహనానికి ఈ వరుసలో ప్రాధాన్యం ఇచ్చాయి. అగ్నిమాపక శకటానికి, అంబులెన్సుకు, రాష్ట్ర ప్రభుత్వం పేర్కొన్న ఇతర అత్యవసర వాహనాలకు దారి ఇవ్వనివారికి ఆరు నెలల వరకు జైలు గాని, 10,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించేలా 2019లో చట్టాన్ని సవరించారు. జరిమానాకు భయపడి తొలగడం కంటె, ఆ వాహనం కోసం ఎదురుచూస్తున్న మనిషిని తలచుకొని తొలగడం మేలు. ఈ రోజు ఎవరి ఇంటికో పోతున్న బండి రేపు మన గడపకే రావలసి రావచ్చు.

పదాలు – అర్థాలు

చోదకుడు = వాహనం నడిపేవాడు
కూడలి = దారులు కలిసే చోటు
త్వరణం = వేగం పెరగడం
జాగరూకుడు = మెలకువతో ఉండేవాడు
మిట్ట = ఎత్తయిన చోటు
రూఢి = నిశ్చయం

అభ్యాసం

1. హెండన్ శిక్షణాలయం ఏర్పడడానికి దారితీసిన పరిస్థితులేవి?
2. ఐదు అంచెలలో మొదటిది ఎక్కడా ముగియదని ఎందుకన్నారు?
3. “సైరన్ మోగినంతమాత్రాన బ్రేకు బలం పెరగదు.” ఈ వాక్యాన్ని పాఠంలోని లెక్కల సాయంతో వివరించండి.
4. సైరన్ వినిపించినప్పుడు చోదకులు చేయదగిన, చేయదగని పనులను రెండు వరుసలుగా రాయండి.
5. విడదీసి సంధి పేరు రాయండి: ప్రాణాపాయం, అత్యవసరం, శిక్షణాలయం.
6. సొంత వాక్యాలలో ప్రయోగించండి: బారులు తీరు, పసిగట్టు, దృష్టి సారించు.
7. మీరు బడికి వచ్చే దారిలో మీ రాష్ట్రభాషలో రాసి ఉన్న రోడ్డు హెచ్చరికలను ఐదింటిని సేకరించి, వాటిని తెలుగులో రాయండి.