నటులపై హత్యానేరము

విజయవాడలో బెంజ్ సర్కిల్ కడ రెండు పెద్ద త్రోవలు కలియుచున్నవి. ఒకటి హైదరాబాదు నుండి వచ్చి బందరునకు పోవును. రెండవది కలకత్తా నుండి వచ్చి చెన్నపురికి పోవును. నటులకును న్యాయస్థానమునకును గల సంబంధమును తెలిసికొనగోరువారు ఈ రెండు త్రోవలను పట్టవలసియుందురు. బందరు త్రోవ మనకొక నాటకములోని విచారణమును జ్ఞప్తికి దెచ్చును. చెన్నపురి త్రోవ నాటకరంగమున పెరిగిన నటులపై నిజముగా జరిగిన విచారణమునకు గొనిపోవును.

మొదట నాటకము. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయములను తెల్లవార్లు మేలుకొని చూచిన ప్రేక్షకులు కృష్ణాతీరమున లెక్కకు మిక్కిలి. ఆ జంటకవులలో నొకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు బందరులో ఉపాధ్యాయులుగా నుండిరి. శూద్రకుని మృచ్ఛకటికమును కూడ ఈ కవులు తెనిగించిరి. అందు తొమ్మిదవ అంకమంతయు న్యాయస్థానమే. రాజుగారి బావమరదియైన శకారుడు వసంతసేన గొంతు నులిమి, ఆమె చనిపోయినదని తలచి, తానే న్యాయస్థానమునకు బోయి ఆ నేరమును చారుదత్తునిపై మోపెను. వసంతసేన నగలు చారుదత్తుని మిత్రుని యొడి నుండి సభలో జారిపడెను. అంతటితో సాక్ష్యము పూర్తియైనట్లే. న్యాయాధికారికి సందేహమున్నను రాజు మరణదండన విధించెను. వధ్యస్థలమునకు వసంతసేన సజీవయై వచ్చుటచే గదా చారుదత్తుడు బ్రతికెను! చంపబడెనన్నవారే నడచివచ్చి నిర్దోషిని విడిపించుట నాటకమున చెల్లును. నిజమైన న్యాయస్థానములో అట్టి అంకము లేదు. అక్కడ సాక్ష్యమును తూచుట తప్ప గత్యంతరము లేదు.

ఇక రెండవ విచారణము. అది జరిగిన 1945లో బెజవాడయు, కోస్తా జిల్లాలన్నియు చెన్నపురి రాష్ట్రములోనివే. ప్రత్యేకాంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1న ఏర్పడు వరకు మనవారి పెద్ద వ్యాజ్యములు కూడ మదరాసు హైకోర్టునకే పోవుచుండెను. కావున ఆ విచారణము మన హైకోర్టులో జరిగినదే యనవచ్చును.

తిరుచిరాపల్లిలో చిన్ననాడే నాటకములాడి పేరు గడించిన ఎం. కె. త్యాగరాజ భాగవతార్ 1934లో చలనచిత్రములలో ప్రవేశించెను. ఆయన కంఠస్వరమునకు ముగ్ధులు కానివారు అరవదేశమున లేరు. 1944లో విడుదలయైన ఆయన చిత్రము ‘హరిదాస్’ చెన్నపురిలో ఒకే థియేటరులో మూడు దీపావళులు చూచెను. ఎన్. ఎస్. కృష్ణన్ కూడ నాటకసమాజములలో పెరిగినవాడే. నవ్వించుచునే లోకమునకు బుద్ధి చెప్పు హాస్యనటుడని ప్రసిద్ధి కెక్కెను. మూడవవాడు ఎస్. ఎం. శ్రీరాములునాయుడు. ఈయన కోయంబత్తూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమువాడు, చిత్రనిర్మాత, దర్శకుడు.

ఆ కాలమున సి. ఎన్. లక్ష్మీకాంతన్ అనునతడు చెన్నపురిలో ‘సినిమా తూదు’ అను పత్రికను నడపుచుండెను. ‘సత్యహరిశ్చంద్రీయము’ వ్రాసిన మన బలిజేపల్లి లక్ష్మీకాంతము గారికిని ఇతనికిని పేరు పోలికయే గాని మరే సంబంధమును లేదు. ఇతడు పూర్వము పత్రములను కల్పించిన నేరమునకు శిక్ష ననుభవించినవాడు. నటీనటుల సొంత బ్రదుకులలోని రహస్యములను, రహస్యములని తాను కల్పించిన వానిని అచ్చువేయుటయే ఆ పత్రిక పని. వ్రాయకుండుటకు కొందరు సొమ్ము నిచ్చుచుండిరి. భాగవతార్, కృష్ణన్, శ్రీరాములునాయుడు గవర్నరునకు మహజరు పెట్టుకొనిరి. పత్రిక అనుమతి రద్దయ్యెను. కాని లక్ష్మీకాంతన్ ‘హిందూ నేశన్’ అను మరియొక పత్రికను చేపట్టి వెనుకటి పనినే సాగించెను. అట్టి పత్రికలను చదువువారు లేనిచో నడపువారును ఉండరు గదా!

1944 నవంబరు 8వ తేదీ ఉదయమున అతడు వేపేరిలో న్యాయవాదియైన మిత్రుని చూచి, రిక్షాలో తిరిగి వచ్చుచుండగా కొందరు అడ్డగించి కత్తితో పొడిచిరి. నెత్తురు కారుచుండగనే అతడు ఆ మిత్రుని కడకు మరలిపోయెను. అక్కడ నుండి జనరల్ ఆసుపత్రికి చేర్చిరి. మరునాడు మరణించెను.

డిసెంబరులో పోలీసువారు భాగవతార్‌ను, కృష్ణన్‌ను, శ్రీరాములునాయుడును అరెస్టు చేసినపుడు రాష్ట్రమంతయు నివ్వెరపోయెను. కత్తి పట్టినది వీరని ఎవరును అనలేదు. వీరు డబ్బిచ్చి చేయించిరనునది ప్రభుత్వపక్షము వాదము. విచారణము మదరాసు హైకోర్టులో న్యాయమూర్తి మాకెట్ గారి యెదుట, జూరీ సమక్షమున జరిగెను. జూరీ యనగా పౌరులలో నుండి ఎన్నుకొనబడిన కొందరు. నేరము జరిగినదా లేదా యను విషయమును వారు నిర్ణయింతురు. శిక్షను న్యాయమూర్తి విధించును. నేడు మన న్యాయస్థానములలో ఈ పద్ధతి లేదు. శ్రీరాములునాయుని పక్షమున బొంబాయి నుండి కె. ఎం. మున్షీగారు వచ్చి వాదించిరి.

ఈ వ్యాజ్యమునకు ప్రాణము ఒక అప్రూవరు సాక్ష్యము. నేరములో తానును పాలుపంచుకొంటినని ఒప్పుకొని, క్షమాభిక్ష పొంది, తోటివారిపై సాక్ష్యము చెప్పువానిని అప్రూవరు అందురు. ఈ సాక్షి ఇతర సాక్షుల వంటివాడు కాడు. కుట్ర గదిలో జరుగును. గదిలోనివాడు చెప్పిననే గాని లోకమునకు తెలియదు. కనుక అతని మాట అవసరము. కాని అతడు తన మెడను తప్పించుకొనుటకు మాటలాడుచున్నాడు. జరిగిన నేరము అతనికి తెలియును గనుక తొంబదిపాళ్ళు నిజమే చెప్పగలడు. మిగిలిన పదిపాళ్ళలో ఒక నిర్దోషి పేరును చేర్చినచో కనిపెట్టుట ఎట్లు? అందువలననే 1872 నాటి సాక్ష్యశాసనము క్రింద న్యాయమూర్తులు ఒక కట్టుబాటు నేర్పరచుకొనిరి. నేరము జరిగినదని వేరు సాక్ష్యము దొరికినంత మాత్రమున చాలదు. ఈ ముద్దాయికి ఆ నేరముతో సంబంధము కలదని చూపు వేరు సాక్ష్యము కావలెను. శకారుని మాటను నిలబెట్టిన నగల మూట వంటిది కాక, గట్టి సాక్ష్యము కావలెను.

1945 మే నెలలో తీర్పు వచ్చెను. శ్రీరాములునాయుడు నిర్దోషియని విడుదలయ్యెను. భాగవతార్‌కును కృష్ణన్‌కును యావజ్జీవ ద్వీపాంతరవాస శిక్ష పడెను. వారు హైకోర్టులోనే అప్పీలు చేసికొనిరి, అది కొట్టివేయబడెను.

అంతట వ్యాజ్యము సముద్రములు దాటి లండనులోని ప్రివీ కౌన్సిలునకు పోయెను. అక్కడ వచ్చిన ప్రశ్న నటులను గూర్చినది కాదు, న్యాయమూర్తుల అధికారమును గూర్చినది. హైకోర్టు జూరీ నిర్ణయముపై అప్పీలు చేసికొను హక్కు 1943లోనే శాసనమున చేర్చబడెను. జూరీ నిర్ణయించిన విషయములో తాము వ్రేలు పెట్టరాదేమో యను సంకోచముతో అప్పీలును చూచుట సరికాదనియు, సాక్ష్యమును తిరిగి పరిశీలించు అధికారము వారికి కలదనియు ప్రివీ కౌన్సిలు అభిప్రాయపడి, అప్పీలును మరల విచారింపుమని మదరాసుకు పంపెను. నా దృష్టిలో ఈ వ్యాజ్యమంతటికిని ఇదియే మలుపు. నటుల కీర్తి గాని, అభిమానుల కన్నీరు గాని కదల్పలేని ద్వారమును ఒక శాసనసూత్రము తెరచెను.

రెండవసారి వి. ఎల్. ఎతిరాజ్ గారు వాదించిరి. న్యాయమూర్తులు హాపెల్, షహాబుద్దీన్ గారలు సాక్ష్యమును మొదటి నుండి పరిశీలించిరి. అప్రూవరు మాట నమ్మదగినదిగా వారికి తోచలేదు. 1947 ఏప్రిలులో నటు లిరువురును నిర్దోషులని విడుదలయైరి. హత్యను చేయించినదెవరను ప్రశ్నకు మాత్రము న్యాయస్థానములో జవాబు దొరకలేదు, నేటికిని దొరకలేదు.

రెండేండ్లకు పైబడి చెరలో నుండిన ఆ ఇరువురి బ్రదుకులు ఒకే తీరున సాగలేదు. కృష్ణన్ తిరిగి నవ్వించెను; చిత్రములు నిర్మించెను. 1957లో నలువది యెనిమిదవ యేట మరణించెను. భాగవతార్ 1948లో మన భానుమతిగారితో కలిసి ‘రాజముక్తి’లో నటించెను. పేరు శుభముగా నున్నను చిత్రము ఆడలేదు. తరువాతి చిత్రములకును వెనుకటి జనము రాలేదు. 1959 నవంబరు 1న, ఏబది యేండ్లు నిండకమునుపే ఆయన కన్నుమూసెను. శ్రీరాములునాయుడు కోయంబత్తూరులో పక్షిరాజా స్టూడియో నెలకొల్పి, 1954లో నందమూరి తారకరామారావు, భానుమతిగారలతో ‘అగ్గిరాముడు’ తీసెను. అంతకు ముందు, 1950లో, ఆ స్టూడియో నుండి వెలువడిన తెలుగు చిత్రము ‘బీదల పాట్లు’. చేసిన నేరమునకు మించిన శిక్ష ననుభవించి, చెర వీడినను లోకముచే నమ్మబడని యొక మనుష్యుని కథ అది. ఆ పాత్రను చిత్తూరు నాగయ్యగారు ధరించిరి.