కోసినా మళ్లీ వచ్చే గడ్డ

ఈ పాఠం చదివాక, ఒక అరుదైన చర్మ క్యాన్సర్ గడ్డ కోసేసినా మళ్లీ ఎందుకు వస్తుందో, దానికి శస్త్రచికిత్స ఎలా చేస్తారో మీరు వివరించగలుగుతారు.

గరికను కొడవలితో కోసి చూడండి. నాలుగు వానలు పడగానే మళ్లీ తలెత్తుతుంది. పైది కోశాం గాని, నేలలో పాకిన తీగలు అలాగే ఉన్నాయి. డెర్మటోఫైబ్రోసార్కోమా ప్రొట్యుబరెన్స్ అనే క్యాన్సర్ తీరు కూడా ఇదే. నోరు తిరగని పేరు కనుక డాక్టర్లు డి.ఎఫ్.ఎస్.పి. అంటారు.

ఇది ఎక్కువగా 20-50 ఏళ్ల వారికి, ఛాతీ, వీపు, భుజాల మీద వస్తుంది. మొదట గట్టి మచ్చలా ఉంటుంది. సాధారణంగా నొప్పి ఉండదు. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. అందుకే చాలామంది కొవ్వు గడ్డ అనుకుని ఊరుకుంటారు.

గడ్డ వరకే తీస్తే ఏమవుతుంది? చుట్టూ కొవ్వులోకి వేళ్లలా పాకిన కణాలు మిగిలిపోతాయి. అవే మళ్లీ గడ్డ కడతాయి. కాబట్టి గడ్డ చుట్టూ బాగున్నట్టు కనిపించే చర్మాన్ని కూడా 2 నుంచి 4 సెంటీమీటర్ల మేర, లోపల కండరాన్ని కప్పిన పొరతో సహా తీస్తారు. గాయం పెద్దదైతే తొడ చర్మం తెచ్చి అతుకుతారు. తీసిన ముక్క అంచులను మైక్రోస్కోపు కింద చూస్తారు. అంచులో క్యాన్సర్ కణాలుంటే మళ్లీ కోయాలి.

ముఖం మీద అంత చర్మం ఎలా తీస్తారు? అక్కడ మోస్ పద్ధతి మేలు. 1930లలో అమెరికా వైద్యుడు ఫ్రెడరిక్ మోస్ దీనికి బాట వేశాడు. పలుచని పొర తీస్తారు, పరీక్షిస్తారు, కణాలు మిగిలిన వైపే మళ్లీ తీస్తారు. శిక్షణ పొందిన వైద్యుడు, పక్కనే ప్రయోగశాల ఉండాలి. అందుకే ఇది అన్నిచోట్లా దొరకదు. కోయడానికి వీలులేని గడ్డలకు ఇమాటినిబ్ మాత్రలున్నాయి. అమెరికాలో 2006లో అనుమతించారు.

ఒక ఊరట: ఈ క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకడం అరుదు. అయినా ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి పరీక్షలకు వెళ్లాలి.

మధ్య అండమాన్‌లోని రంగత్ వంటి చోట ఉన్నవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పెద్దాసుపత్రి అంటే పోర్ట్ బ్లెయిర్ (2024 నుంచి శ్రీ విజయపురం) జి.బి. పంత్ ఆసుపత్రి. అది దాటితే సముద్రం దాటి విశాఖకో, చెన్నైకో పోవాలి. కనుక ఎక్కడ కోసినా ఆ ముక్కను పారేయనివ్వకండి, బయాప్సీకి పంపమనండి. రిపోర్టు, గాజు పలకలు, మైనపు దిమ్మ అడిగి వెంట తీసుకెళ్లండి. అక్కడి డాక్టరు మొదట అడిగేది వాటినే.

పాఠ్యగత ప్రశ్నలు
బాగున్న చర్మాన్ని కూడా ఎందుకు తీస్తారు?
మీ ఇంట్లో పాత ఆపరేషన్ రిపోర్టులు ఎక్కడ ఉన్నాయో వెతికి చూడండి.