తెల్లారుజాము కడుపునొప్పి

ఎం.డి. జనరల్ మెడిసిన్‌లో సీటు వచ్చిన పిల్లలు ఏటా ఒకరిద్దరు మా ఇంటికి వస్తారు. నెల్లూరు తీరాన పుట్టి, వైద్యం చదివి, ముప్పై ఏళ్ల పైన పాఠాలు చెప్పి మళ్లీ ఈ ఊరికే చేరినవాణ్ని. నేను చదివే రోజుల్లో జిల్లాలో వైద్య కళాశాల లేదు. తిరుపతికో గుంటూరుకో కర్నూలుకో పోవాల్సిందే. ఇప్పుడు నెల్లూరులోనే ఏసీ సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది, 2014లో వచ్చింది. పిల్లలు ఫోన్‌లో పాఠ్యప్రణాళిక తెరిచి నా చేతికిస్తారు. లక్ష్యాలు మూడు మూటలుగా కట్టి ఉంటాయి: తెలియాల్సినవి, చేతికి రావాల్సినవి, మనసుకు పట్టాల్సినవి. ఎంతో ఆలోచించి రాశారు, వాటితో నాకు పేచీ లేదు. కాని ఆ వరసల్లో ఒక్కటి కూడా నాకు చదివితే రాలేదు. ఒక్కోదాన్ని ఒక్కో మనిషి తెచ్చిచ్చారు. ఆ మనుషుల గురించే చెబుతాను.

1. నొప్పి చెప్పిన చోటే జబ్బు ఉందనుకోవద్దు.

ఎం.డి. మొదటి ఏడాది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఉప్పు కొఠార్ల దగ్గర గుడిసెలో ఉండే యానాది ఆమెను మొగుడు భుజాన వేసుకుని తెచ్చాడు. "కడుపులో నొప్పి సామీ, నిద్రలో లేచినకాడి నుంచి మెలికలు తిరిగిపోతా ఉండాది" అన్నాడు. పొట్ట నొక్కి చూశాను, మెత్తగానే ఉంది. గ్యాస్ అనుకుని ఇంజెక్షను రాసి పక్క మంచానికి పోయాను. అరగంటకు వార్డు సిస్టరమ్మ వచ్చి, "డాక్టరుగారూ, ఆమె రెప్పలు పైకి లేవడం లేదు, ఒకసారి చూడండి" అంది. వెళ్లి చూస్తే మాట ముద్దముద్దగా వస్తోంది. "ఎక్కడ పడుకున్నారు?" అని అడిగాను. నేను మొదటే అడగాల్సిన మాట అది. "నేల మీదే సామీ" అన్నాడు. ఒళ్లంతా వెతికినా కాటు కనపడలేదు. కట్లపాము అంతే. నిద్రలో కరుస్తుంది, గాటు కనపడదు, వాపు ఉండదు, చాలాసార్లు కడుపునొప్పితోనే మొదలవుతుంది.

విరుగుడు మందు ఎక్కించాం. అయినా ఊపిరి ఆగిపోతూ వచ్చింది. మాకు వెంటిలేటరు లేదు. గొట్టం వేసి, అంబు బ్యాగు చేత్తో నొక్కుతూ కూర్చున్నాం. నేను, ఇద్దరు హౌస్ సర్జన్లు, సిస్టరమ్మ, చివరికి ఆ మొగుడు కూడా వంతులేసుకుని రెండు రాత్రులు నొక్కాం. మూడో రోజు ఆమె వేళ్లు కదిలించింది.

ఇప్పటి ప్రణాళికలో "వైద్యబృందంలో సభ్యుడిగా పనిచేయగలగాలి" అని ఒక వరస ఉంటుంది. దాన్ని చదివినప్పుడల్లా నాకు ఆ సిస్టరమ్మ గొంతే వినిపిస్తుంది.

2. మొదటి పేపరును తక్కువ చేయకండి.

ఎం.డి. పరీక్షలో నాలుగు పేపర్లు. మొదటిది మూలశాస్త్రాలది: శరీరనిర్మాణం, శరీరధర్మం, జీవరసాయనం, అన్నీ. ఎం.బి.బి.ఎస్.లో చదివిందే మళ్లీ ఎందుకని పిల్లలు విసుక్కుంటారు. ఆ రెండు రాత్రుల తర్వాత నేను విసుక్కోలేదు. నాగుపాము విషం కండరం వైపున్న తలుపుకు తాళం వేస్తుంది. నియోస్టిగ్మిన్ ఇస్తే ఆ తాళం కొంత వదులవుతుంది. కట్లపాము విషం నరం చివర్నే పాడుచేస్తుంది. అది మళ్లీ బాగుపడేదాకా మందు ఎంత పోసినా రెప్ప లేవదు, ఊపిరి మనమే ఆడించాలి. ఈ తేడా తెలియనివాడు ఇంకో ఇరవై సీసాల విరుగుడు ఎక్కించి, ఫలితం లేదని చేతులెత్తేస్తాడు. తెలిసినవాడు అంబు బ్యాగు వదలడు.

3. "సార్, ఎం.డి. అంటే డాక్టరేటేనా?"

అడిగే పిల్లలున్నారు కాబట్టి చెబుతున్నాను. అమెరికాలో ఎం.డి. వైద్యంలో మొదటి పట్టా. మనకు అది ఎం.బి.బి.ఎస్. తర్వాత మూడేళ్లు వార్డులో ఉండి సంపాదించే పట్టా. పరిశోధనకు ఇచ్చే డాక్టరేటు పీహెచ్‌డీ, అది వేరు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మద్రాసులో తెచ్చుకున్నది ఎల్.ఎం.ఎస్. మాత్రమే. హార్వర్డులో 1930లో పీహెచ్‌డీ చేశారు. తర్వాత లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందమే మన తీరంలో బోదకాలుకు ఇంటింటికీ పంచిన డీఈసీ మాత్రను తెచ్చింది. పట్టా పేరు గురించి నాకు ఇంతకంటే చెప్పాలని లేదు.

4. థీసిస్ ప్రశ్న మంచం దగ్గర పుట్టాలి.

ఎం.డి.లో థీసిస్ తప్పనిసరి. పరీక్షకు ఆరు నెలల ముందే అప్పగించాలి. చాలామంది సీనియరు థీసిస్ తీసుకుని, ఊరు పేరు మార్చి, అంకెలు నింపేస్తారు. నాకు దీని మీద బాధ ఉంది. ఎందుకంటే ప్రపంచ వైద్యసాహిత్యంలో నెల్లూరు పేరు నిలిచింది ఒక మంచి ప్రశ్న వల్ల.

1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు ఇండియన్ మెడికల్ గెజెట్‌లో నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా అంటే కనిగిరి, పొదిలి, దర్శి కూడా కలిసినది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు పోయాయి. ఆ మెట్ట ఊళ్లలో వయసు నలభై, నడుము ఎనభై. మెడ తిరగదు, వంగితే లేవలేరు, పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. ఊళ్లో అందరూ దాన్ని కర్మమనో వాతమనో అనుకుని ఊరుకున్నారు. వీళ్లు ఆ ఎముకలను, ఆ బావినీళ్లను పక్కపక్కన పెట్టి చూశారు. నీళ్లలోని ఫ్లోరైడు ఎముకలో చేరి దాన్ని రాయి చేస్తోందని తేలింది. మన దేశంలో ఫ్లోరోసిస్ గురించి ఎవరు రాసినా ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ ముగ్గురిలో షార్ట్ తర్వాత 1948లో, మలేరియా పరాన్నజీవి మనిషి కాలేయంలో దాగే దశను గార్న్‌హమ్‌తో కలిసి కనిపెట్టాడు. పండిట్ భారత వైద్య పరిశోధన మండలికి మొదటి డైరెక్టరయ్యాడు. అంతటివాళ్లకు మన మెట్ట ఊరి బావి చిన్నదిగా కనపడలేదు.

మీ వార్డులో ఒకే ఊరి నుంచి ముగ్గురు కిడ్నీ పాడై వస్తే, ఆ ఊరికి ఒకసారి పోయి రండి. అంగీకారపత్రం మీద వేలిముద్ర వేయించుకునే ముందు దాన్ని తెలుగులో, నెమ్మదిగా, చదివి వినిపించండి. వివరం దొరక్కపోతే దొరకలేదనే రాయండి. నా దగ్గర థీసిస్ చేసిన ఒక అబ్బాయి ఖాళీ గడులు చూసి పరీక్షకులు తిడతారని భయపడ్డాడు. ఆ గడులు ఖాళీగానే పోయాయి, అతను పాసయ్యాడు.

5. లాగ్‌బుక్కు ఒక్క సాయంత్రంలో నింపకండి.

కొందరు నడుములోంచి నీరు తీయడం ముప్పై సార్లు చేసినట్టు ఒకే సిరాతో ముప్పై వరసలు రాసి సంతకానికి తెచ్చేవాళ్లు. నేను పెట్టేవాణ్ని కాదు. ఆ సంతకం నమ్మి రేపు మిమ్మల్ని ఒక్కరినే ఎక్కడో రాత్రి డ్యూటీలో నిలబెడతారు.

6. జిల్లాకు పంపితే సంతోషంగా పోండి.

2021లో చేరినవాళ్ల నుంచి డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ పెట్టారు. మూడు నెలలు కాలేజీ వదిలి జిల్లా ఆసుపత్రుల్లో పనిచేయాలి. చదువు పోతుందని కొందరు గొణుగుతారు. నాకు మాత్రం ఈ ప్రణాళికలో అన్నిటికన్నా నచ్చిన మార్పు ఇదే. కాలేజీ వార్డులో రోగి మంచం మీద పడుకుని ఉంటాడు. పరీక్షలన్నీ ఎవరో చేయించి ఉంటారు. జిల్లాలో అతను ఎన్ని బస్సులు మారి వచ్చాడో, మందు మధ్యలో ఎందుకు ఆపాడో, ఏటి ఒడ్డున పడవ కోసం ఎంతసేపు కూర్చున్నాడో తెలుస్తుంది. పులికాట్ నడుమ ఇరకం దీవి నుంచి కాన్పు నొప్పులతో పడవెక్కే ఆడమనిషికి "ఆలస్యం చేశారేం" అనే ప్రశ్న ఎంత బరువుగా తగులుతుందో అక్కడికి పోతేనే అర్థమవుతుంది.

నెల్లూరుకు ఇది కొత్తేం కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారు నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపారు. ఆయన దగ్గర పని నేర్చుకుని పల్లెలకు పోయి వైద్యం చేసినవాళ్లు ఎందరో. ఏ నియమమూ లేని రోజుల్లోనే ఆయన ఆ పని చేసి చూపించారు.

7. రోగి మాటకు నిఘంటువు రాసుకోండి.

2019లో ఎం.బి.బి.ఎస్. ప్రణాళిక మార్చినప్పుడు ఏట్‌కామ్ అని ఒక భాగం చేర్చారు. నడవడి, నీతి, రోగితో మాట్లాడే తీరు నేర్పడం దాని పని. ఎం.డి.లోనూ అది ఉంటుంది. మంచిదే. కాని ఎట్టా మాట్లాడాలో నేర్చుకునే ముందు ఎట్టా వినాలో రావాలి.

మా తీరంలో "వేడి చేసింది" అంటారు. ఒకరికి అది నోటిపూత. ఇంకొకరికి కళ్లమంట, మరొకరికి మూత్రంలో మంట. "వేడి చేసింది" అన్న ఒక రైతుకు మజ్జిగ తాగమని ఓపీలో చెప్పి పంపేశారు. వారానికి మళ్లీ వచ్చేసరికి చక్కెర నాలుగు వందలు దాటి, మూత్రంలో చీముతో, చలిజ్వరంతో వణుకుతున్నాడు. అప్పటి నుంచి నేను ఒక చిన్న పుస్తకం పెట్టుకున్నాను. ఒకవైపు వాళ్ల మాట, ఎదురుగా అది ఏమేం కావచ్చో. "కాళ్లు పీకుతున్నాయి", "గుండె జారిపోయినట్టుంది", "ఒళ్లు తూలుతోంది". "తిమ్మిరి" ఒక్కదానికే పేజీన్నర పట్టింది. మాట అడిగాక చెయ్యి పెట్టండి, అనుమతి అడిగి బట్ట తొలగించి చూడండి. వారం రోజుల అంతుపట్టని జ్వరానికి కారణం ఒక్కోసారి చంక కింద నల్లటి పొక్కులో ఉంటుంది. స్క్రబ్ టైఫస్. పావలా అంత మచ్చ, ఏడు రోజుల డాక్సీసైక్లిన్.

8. మరణ సమీక్షలో నిజం చెప్పండి.

ఇది చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

నెలకొకసారి వార్డులో చనిపోయినవాళ్ల కేసులు అందరి ముందు పెట్టి మాట్లాడుకోవడం శిక్షణలో భాగం. నేను కొత్తగా అసిస్టెంటు ప్రొఫెసరునైన రోజుల్లో ఒక పట్టపు జాలరి యువకుడు వచ్చాడు. వల దులుపుతుండగా సముద్రపు పాము చేతికి తగిలిందన్నాడు. గాటు చిన్నది, నొప్పి లేదు. రెండు గంటలకే ఒళ్లంతా కండరాలు పట్టేశాయి, దవడ తెరవలేకపోయాడు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. నేను విరుగుడు మందు ఎక్కించి, పని చేస్తుందని ఎదురుచూస్తూ కూర్చున్నాను. మన దేశంలో తయారయ్యే ఆ మందు నాలుగు నేల పాములకే: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. సముద్రపు పాముకు అది పనిచేయదు. కరిగిన కండరం కిడ్నీలను మూసేస్తుంది, రక్తంలో పొటాషియం పెరిగి గుండెను ఆపుతుంది. నీళ్లు బాగా ఎక్కించి, పొటాషియం చూసుకుంటూ, డయాలిసిస్ ఉన్న మద్రాసుకు ఆ రోజే పంపి ఉండాలి. నాలుగైదు గంటల దారి. నేను మర్నాడు మధ్యాహ్నం దాకా ఆలోచించాను. సాయంత్రానికి పోయాడు.

అతని అన్న వార్డు బయట నిలబడి, "మేం వెంటనే తెచ్చినాం గదయ్యా, ఇంకేం చేసుండాల?" అని అడిగాడు. నేను తల వంచుకుని వెళ్లిపోయాను. ఆ నెల సమీక్షలో కేసుషీటు చదువుతూ "ఆలస్యంగా తీసుకొచ్చారు" అన్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు, మినిట్స్‌లో అలాగే ఎక్కింది.

రిటైరయ్యే ఏడాది చివరి సమీక్షలో పీజీ పిల్లల ముందు ఆ కేసు మళ్లీ చెప్పాను, వచ్చిన వేళతో సహా: ఉదయం ఆరున్నరకు కరిచింది, తొమ్మిదింటికి నా ముందున్నాడు.