1790 జనాభా లెక్కల్లో భార్యాబిడ్డల పేర్లు ఎందుకు లేవు?

ప్రశ్న: అమెరికా తొలి జనాభా లెక్కల్లో కుటుంబ పెద్ద పేరు ఒక్కటే కనిపిస్తోంది. మిగిలినవారిని గుర్తించేదెలా?

జవాబు: 1790 నాటి గణన ప్రధానంగా ప్రతినిధుల సభలో రాష్ట్రాలకు స్థానాలు కేటాయించడానికి ఉద్దేశించినది కావడం వల్ల, అందులో కుటుంబ పెద్ద పేరు మాత్రమే నమోదై, తక్కినవారు వర్గాలవారీగా అంకెలుగా మిగిలిపోయారు. స్వేచ్ఛ కలిగిన ప్రతి వ్యక్తి పేరూ రాసే పద్ధతి 1850లో గాని రాలేదు. అంతకు ముందటి బంధుత్వాలను వీలునామాలు, భూమి దస్తావేజులు, చర్చి రిజిస్టర్లు పోల్చి చూసి నిర్ధారించాలి. వీటిలో వీలునామా విలువైనదే అయినా, బతికుండగానే వాటా పంచి ఇచ్చిన కొడుకును తండ్రి అందులో పేర్కొనకపోవచ్చు గనుక, పేరు లేనంత మాత్రాన బంధుత్వం లేదనడం తొందరపాటు.

తేదీల విషయంలోనూ జాగ్రత్త అవసరం. బ్రిటిష్ వలసల్లో 1752 వరకు జూలియన్ క్యాలెండర్ అమల్లో ఉండి, చట్టరీత్యా కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జార్జి వాషింగ్టన్ జన్మదినం పాత లెక్కన 1731 ఫిబ్రవరి 11, కొత్త లెక్కన 1732 ఫిబ్రవరి 22.

అన్నిటికన్నా కష్టమైనది బానిసత్వంలో మగ్గిన ఆఫ్రికన్ అమెరికన్ల వంశాన్వేషణ. 1850, 1860 జనాభా లెక్కల్లోని బానిసల పట్టీల్లో యజమాని పేరు కింద సాధారణంగా వయసు, లింగం, వర్ణం మాత్రమే ఉంటాయి. యజమాని మరణానంతరం తయారైన ఆస్తి జాబితాలో పశువులు, నాగళ్ల సరసన మనుషులకూ వెల కట్టారు. అంత అమానుషమైన ఆ కాగితమే అనేక సందర్భాల్లో ఒక తల్లి పేరును, ఆమె బిడ్డ పేరును నిలిపి ఉంచిన ఏకైక ఆధారం. విముక్తులైనవారి కోసం 1865లో ఏర్పడిన ఫ్రీడ్‌మన్స్ సేవింగ్స్ బ్యాంకు ఖాతా పుస్తకాల్లో ఖాతాదారు తల్లిదండ్రులు, తోబుట్టువుల పేర్లు, కొన్నిచోట్ల పూర్వ యజమాని పేరు కూడా దొరుకుతాయి.