మా మెషీన్లో బాగానే నడుస్తోందండీ!

పై మాట మన వృత్తిలో ఎంత పాతదో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ మాట ఒక పెద్ద కంపెనీ పరువు ఎలా తీసిందో ఈసారి చూద్దాం.

2020 డిసెంబర్ 10 రాత్రి విజయవాడ నుంచి మా తమ్ముడు వీడియో కాల్ చేశాడు. నేనుండేది ఖతార్లో. అప్పుడు దోహాకి దక్షిణాన బిర్కత్ అల్ అవామిర్‌లోని ఒక గోదాములో మా ప్రాజెక్టు నడుస్తోంది. "అన్నయ్యా, ఇది చూడు" అంటూ వాడు ఫోన్ని టీవీ వైపు తిప్పాడు. ఎదురుగా ఉన్న మేడ మైనపు ముద్దలా ఉంది. కారు దాన్ని దాటిపోయాక అప్పుడు తీరిగ్గా దానికి కిటికీలు మొలిచాయి. ఇంకాసేపటికి ఆట మొత్తం ఆగిపోయి మెనూ తెర వచ్చింది. వాడు ఏళ్ళ తరబడి ఎదురుచూసిన 'సైబర్‌పంక్ 2077' అదీ!

పోలండుకి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఈ ఆటని 2012లో ప్రకటించింది. 2018లో 48 నిమిషాల డెమో చూపించింది, 2019లో కియాను రీవ్స్‌ని వేదిక మీదికి తెచ్చింది. విడుదల 2020 ఏప్రిల్ 16 అన్నారు. అది సెప్టెంబర్ 17 అయింది, తర్వాత నవంబర్ 19, చివరికి డిసెంబర్ 10. అక్టోబర్ మొదట్లో 'ఆట పూర్తయింది, డిస్కులు ముద్రణకి సిద్ధం' అని చెప్పినవాళ్ళే, నెల తిరక్కుండా మళ్ళీ మూడు వారాలు వాయిదా వేశారు. ఈ లోపల ముందస్తు కొనుగోళ్ళు 80 లక్షలు దాటాయి. విమర్శకులకి మాత్రం విడుదలకి ముందు పీసీ కాపీలే ఇచ్చారు. వాటి మీద మార్కులు నూటికి తొంభై దరిదాపుల్లో వచ్చాయి. పీఎస్4 మీద ఎలా ఉందో కొన్నవాళ్ళే కనుక్కోవలసి వచ్చింది.

ఇంతకీ ఆ మేడకి కిటికీలు ఎందుకు ఆలస్యంగా మొలిచాయి?

ఇంత పెద్ద నగరం మొత్తం మెమరీలో పట్టదు. అందుకని స్ట్రీమింగ్ అనే పద్ధతి వాడతారు. మన పెళ్ళి బంతి గుర్తు చేసుకోండి. వంటలన్నీ ఒకేసారి విస్తట్లో పెట్టరు కదా, తినేవాడి వేగాన్ని కనిపెట్టి వంటశాల నుంచి ఒక్కొక్కటే తెచ్చి వడ్డిస్తారు. ఆటగాడు నడుస్తున్న దిశలో రాబోయే వీధుల్ని డిస్కు నుంచి ముందే చదవాలి, వెనకబడ్డవాటిని మెమరీ నుంచి తీసేయాలి. ఎస్ఎస్‌డీ ఉన్న మంచి పీసీలో వడ్డించేవాళ్ళు పదిమంది ఉన్నట్టు. 2013 నాటి పీఎస్4లో ఉన్నది గిర్రున తిరిగే హార్డ్ డిస్కు, ప్రాసెసరూ గ్రాఫిక్సూ పంచుకునే 8 జీబీ మెమరీ. వడ్డించేవాడు ఒక్కడే, పైగా వంటశాల దూరం. కారు వేగం పెంచితే విస్తరి ఖాళీ!

2021 జనవరిలో సహవ్యవస్థాపకుడు మార్చిన్ ఇవిన్‌స్కీ వీడియోలో క్షమాపణ చెబుతూ అసలు కారణం ఒప్పుకున్నారు. ఆటని ముందు పీసీల మీద అద్భుతంగా చేసి, ఆపైన పాత కన్సోళ్ళకి సర్దుదామనుకున్నారట. ఆ సర్దుబాటు ఎంత కష్టమో తక్కువగా అంచనా వేశారట. జనానికి ఎదురైన లోపాల్లో చాలావరకు తమ పరీక్షల్లో కనిపించలేదని కూడా అన్నారు. నాకు ఈ చివరి ముక్కే మింగుడు పడలేదు. మా తమ్ముడికి పది నిమిషాల్లో కనిపించింది మరి!

పీసీలోనూ ఓ తమాషా జరిగింది. సేవ్ ఫైలు 8 మెగాబైట్లు దాటితే పాడైపోయేది. మొదట్లో వచ్చిన సలహా ఏమిటంటే, ఆటలో సామాన్లు తక్కువగా పోగేసుకోమని. ఆ పరిమితిని డిసెంబర్లోనే ఒక ప్యాచ్‌తో తీసేశారనుకోండి.

వారం తిరిగేసరికి సోనీ తన ఆన్‌లైన్ స్టోర్ నుంచి ఆటని తొలగించి, అక్కడ కొన్నవాళ్ళకి డబ్బు వాపసిస్తామంది. మళ్ళీ అమ్మకానికి వచ్చింది 2021 జూన్ 21న.

ఆ వీడియో కాల్ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గోదాములో మా సాఫ్ట్‌వేర్ గో-లైవ్‌కి పది రోజులుంది, సంతకం నాది. మేం పరీక్షించిందంతా ఆఫీసులో, కొత్త స్కానర్ల మీద. గోదాములో కుర్రాళ్ళ చేతుల్లో ఉన్నవి ఆరేళ్ళ నాటివి. మర్నాడు వాటిలో మూడు తీసుకుని వాళ్ళతో పాటే అరల మధ్య తిరిగాను. నలభయ్యో స్కాన్ దగ్గర మొదటిది బిగుసుకుపోయింది. ఏం చేశామంటే, సరుకుల జాబితా మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి లాగుతున్నాం. అంటే బంతిలో వంటలన్నీ ఒక్క విస్తట్లో కుమ్మరించాం! మూడు వారాల వాయిదా అడిగితే మా మేనేజరు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. జాబితాని ముక్కలుగా చదివేలా మార్చి, జనవరిలో అవే పాత స్కానర్ల మీద మొదలుపెట్టాం.

సైబర్‌పంక్ కూడా కోలుకుంది. 2023 సెప్టెంబర్లో 2.0 అప్‌డేట్, దాని వెంటే 'ఫాంటమ్ లిబర్టీ' వచ్చాయి. అదే అక్టోబర్‌కి అమ్మకాలు రెండున్నర కోట్లు దాటాయి. పడి లేచిన ఆట అని అందరూ మెచ్చుకున్నారు, నేనూ మెచ్చుకున్నాను. అయితే ఆ రెండూ పాత కన్సోళ్ళకి రాలేదు. మా తమ్ముడి డిస్కు ఇప్పటికీ టీవీ కింద సొరుగులోనే ఉంది.